నలభై మూడు డిగ్రీల చిటికెన వేలు

ఇది ఒక మహాసంహారం కథ. ఇందులో కోట్లాది ప్రాణాలు కళ్లు మూసి తెరిచేలోగా పోతాయి. ఒక యోధుడు ఉన్నాడు. అతని ఆయుధానికి రెండు మండలాలు తలవంచేవి. ఒక వృద్ధమాత రథం దిగి వస్తుంది, సభామధ్యంలో నిజం బయటపడుతుంది.

అంత లేదు. పోయిన ప్రాణాలు పెరుగులో ఉండే బ్యాక్టీరియావి. ఆయుధం ఒక చిటికెన వేలు. రెండు మండలాలు తలవంచింది పెరుగన్నం తినడానికి, విస్తరి ముందు కూర్చుంటే ఎవరైనా వంచుతారు. రథం తెల్ల కారు, ఏసీ పని చేయదు.

ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు ఇలాంటి జ్ఞాపకాలు రాయడం ఆనవాయితీ. నేనూ విరమించినవాణ్ణే. కాకపోతే ఇరవై ఆరో ఏట. శాలువా కప్పలేదు, ఐడీ కార్డు తిరిగి ఇమ్మన్నారు. కాబట్టి నాకంటే చిన్నవాళ్లకు, అంటే ఇరవై ఐదేళ్ల యువతకు, నా సుదీర్ఘ అనుభవం నుంచి రెండు మాటలు.

నేను పనిచేసింది మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్లే రోడ్డు మీద, ఒక చిన్న పెరుగు తయారీ కేంద్రంలో. ఆ రోడ్డు మీద గేటు కనిపిస్తే అది ఫామ్‌హౌస్‌దైనా కావాలి, ఇంజినీరింగ్ కాలేజీదైనా కావాలి. మాది రెండూ కాదు కాబట్టి ఎవరూ తలతిప్పి చూసేవారు కాదు. మెహిదీపట్నం నుంచి వచ్చే బస్సు కండక్టర్ మాత్రం "పెరుగోల్లు దిగుండ్రి" అని కేకేసేవాడు. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివినందుకు నాకు దక్కిన మొదటి బిరుదు అది.

పెరుగు వెనక ఉన్న శాస్త్రం నాలుగు ముక్కలే, ఓపిక పట్టండి. పాలను తొంభై డిగ్రీల దాకా కాచి, పెద్ద స్టీలు ట్యాంకులోకి పంపి, దాని జంట గోడల మధ్య చల్లనీళ్లు తిప్పి నలభై మూడుకు దించాలి. అప్పుడు తోడు వేయాలి. మా తోడు ఇంట్లో గిన్నె అడుగున మిగిలే పెరుగు కాదు, ఫ్రీజర్‌లో దాచే పొడి ప్యాకెట్లు. ఆ పొడిలోని బ్యాక్టీరియాది అచ్చంగా మా సిబ్బంది స్వభావమే. చలిలో పెడితే చావదు, అలాగని పనీ చేయదు. ముడుచుకుని పడుకుంటుంది. నలభై రెండు, నలభై మూడు దగ్గర ఒళ్లు విరుచుకుని లేచి, పాలలోని చక్కెర తిని, పులుపు వదిలి, ఇద్దరున్న చోట నలుగురవుతుంది. యాభై దాటితే పని మానేస్తుంది. అరవై దాటితే చస్తుంది. చలి నుంచి తిరిగొస్తుంది, వేడి నుంచి తిరిగి రాదు. ఇదొక్కటి గుర్తుంటే చాలు, మిగతా కథంతా మనుషులే.

తోడు వేసే అధికారం మా ఆపరేటర్‌ది. అందరం కాక అనేవాళ్లం. యాభై ఎనిమిదేళ్లు. మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి నుంచి షేర్ ఆటోలో, డ్రైవర్ పక్కన సగం బయటికి వేలాడుతూ వచ్చేవాడు. బాయిలర్, ఆవిరి పైపులు, వాల్వులు, వీటితోనే జీవితమంతా గడిపాడు. పాలు చల్లారాయనిపించగానే ఒక స్టీలు గ్లాసులో కాసిని పట్టి, చిటికెన వేలు కడుక్కుని, అందులో ముంచి, కళ్లు మూసుకునేవాడు. మిషన్ల చప్పుడు తప్ప ఇంకేం వినిపించేది కాదు. కాసేపటికి "ఊ" అనేవాడు. ఆ "ఊ" తర్వాతే తోడు. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా, బారసాలైనా, పెరుగు తోడు పెట్టడానికి ముందు కాకను పిలుచుకుపోయేవారు. పురోహితుడు ఆలస్యమైనా ఓర్చుకునేవారట గానీ, కాక రాకపోతే పాలు పొయ్యి దింపేవారు కాదట.

మరి ట్యాంకుకు ఉష్ణోగ్రత చూపించే గేజీ లేదా? ఉంది. గుండ్రటిది, ఎర్ర ముల్లుది. కాక "ఊ" అన్నాక నేను ల్యాబ్ గదిలోంచి వచ్చి, ముల్లు చూసి, రిజిస్టర్‌లో నలభై మూడు అని రాసి సంతకం చేసేవాణ్ణి. రోజూ నలభై మూడే. ఎండాకాలం నలభై మూడు, ముసురులో నలభై మూడు. ఎంత క్రమశిక్షణ గల ట్యాంకు అని ముచ్చటపడేవాణ్ణి. నాకు యూనివర్సిటీవాళ్లు డిగ్రీ ఇచ్చారని మరోసారి మనవి.

అంతా బాగానే నడిచేది, కొత్త మేనేజర్ వచ్చేదాకా. ఆయన సిటీ నుంచి రెండు వస్తువులు వెంట తెచ్చాడు. ఒకటి వేలిముద్రల హాజరు మిషన్, రెండోది క్రమశిక్షణ. మా అలవాటు ఏమిటంటే, కాక "ఊ" అన్నాక అందరం చాయ్‌కి పోయేవాళ్లం. గేటు ఎదుట కొట్టులో చాయ్, తర్వాత రాజకీయం, తర్వాత మళ్లీ చాయ్. ముప్పావు గంటకు తిరిగొచ్చి తోడు వేసేవాళ్లం. మేనేజర్ దీన్ని చూసి గుండె పట్టుకున్నాడు.

"తోడు వేయడానికి ముప్పావు గంట లేటా? టైం వేస్ట్ కదా? 'ఊ' అన్న అయిదు నిమిషాల్లో తోడు పడాలె. చాయ్ తర్వాత తాగుండ్రి" అన్నాడు.

మేమూ మారిపోయాం. అయిదు నిమిషాలన్నాడు, మేం మూడు నిమిషాల్లోనే వేశాం.

ఆ వారం నుంచే పెరుగు తోడుకోవడం మానేసింది. అన్ని రోజులూ కాదు. ఒకరోజు గడ్డ, మూడు రోజులు నీళ్లు. ఒక కాలేజీ హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది: "అన్నా, మీ పెరుగు బాగున్నది గని స్ట్రా కూడ పంపుండ్రి." చేవెళ్ల కిరాణా కొట్టాయన డబ్బాలన్నీ ఆటోలో తిప్పి పంపాడు. దారిలో కుదుపులకు అవి ఇంకా పలచనయ్యాయి.

తలా ఒక సిద్ధాంతం. కాక "పాలల్ల దమ్ము లేదు" అన్నాడు. మేనేజర్ తోడు పొడి కంపెనీని రెండుసార్లు మార్చాడు. ప్యాకింగ్ వాళ్లు దిష్టి అన్నారు. ట్యాంకు గది గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడదీశారు. నేను శాస్త్రీయంగా పోదామని, చెడిన పెరుగును ల్యాబ్ ప్లేట్లలో వేసి బ్యాక్టీరియాను పెంచి చూశాను. ఏమీ మొలవలేదు. పాలలో పశువుల మందులేమైనా కలిశాయా అని పరీక్షించాను. లేవు. అంటే బ్యాక్టీరియాను ఎవరో చంపుతున్నారు. వేడేనా అనుకుని రిజిస్టర్ తిరగేశాను. నలభై మూడు, నలభై మూడు, నలభై మూడు. పక్కన నా సంతకం. చదువుకున్నవాడు రాసింది కదా, నమ్మాను.

ఇంతలో హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. మేనేజర్ అందరినీ నిలబెట్టి చెప్పాడు. "ఇంకో బ్యాచ్ పోయిందంటే ఆపరేటర్‌ను మారుస్తం. ఇంక నా చేతిల లేదు."

కాకకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. ఆయన వేలు ఇంకోసారి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర మామూలు తంతు. హాజరు మిషన్ మీద కాక వేలు పెడతాడు, అది "దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అంటుంది. బొటనవేలు, చూపుడువేలు, చిటికెన వేలు. పదీ అయ్యాక మేనేజర్ విసుగ్గా కాయితం మీద రాసుకుంటాడు.

"రేషన్ షాపుల గూడ గిదే లొల్లి. నన్ను మనిషే కాదంటది. మా ఇంటామె వేలు వెడితెనే బియ్యం" అన్నాడు కాక నవ్వుతూ.

అక్కణ్నుంచి చాయ్ కొట్టుకు పోయాం. కొట్టాయన పొయ్యి మీది గిన్నెలోంచి నేరుగా రెండు స్టీలు గ్లాసుల్లో పోశాడు. నేను నాది పట్టుకుని "అబ్బా" అని మళ్లీ బల్ల మీద పెట్టి, చెయ్యి విదిలించుకున్నాను. కాక తనది పట్టుకున్నాడు. అందరూ పట్టుకున్నట్టు అంచు దగ్గర కాదు, నడుము దగ్గర, అయిదు వేళ్లతో, గుప్పిట బిగించి. అలాగే పట్టుకుని అయిదు నిమిషాలు ఎలక్షన్ల సంగతి మాట్లాడాడు.

"కాకా, కాలుతలేదా?"

"ఏం కాలుతది? సల్లగనే ఉన్నది."

నా చాయ్ మీద మీగడ కట్టింది. హాజరు మిషన్‌కు కనపడని వేలు, చాయ్ వేడి తగలని వేలు. ఏళ్ల తరబడి ఆవిరి పైపులు పట్టుకుని గీతలతో సహా అరిగిపోయిన వేలు.

ఆ రోజు కాక "ఊ" అనగానే నేను ల్యాబ్‌లోని గాజు థర్మామీటర్ జేబులో పెట్టుకుని వెళ్లి దొంగచాటుగా చూశాను. అరవై ఒకటి. పక్కన గేజీ ముల్లు మాత్రం ప్రశాంతంగా నలభై మూడు చూపిస్తోంది. గాజు మీద తట్టాను. కదల్లేదు.

అప్పుడు లెక్క తేలింది. కాక చాలా కాలంగా అరవైకే "ఊ" అంటున్నాడు. ఇన్నాళ్లూ బ్యాక్టీరియాను కాపాడింది మా చాయ్. చల్లనీళ్లు తిరుగుతూనే ఉండేవి కాబట్టి, మేం ముప్పావు గంట రాజకీయం మాట్లాడేలోగా పాలు వాటంతటవే నలభై మూడుకు దిగేవి. మేనేజర్ మమ్మల్ని బాగుచేశాక పొడి నేరుగా అరవైలో పడి చచ్చేది. ఎవరికైనా బద్ధకమైన రోజు పెరుగు గడ్డ కట్టేది. సోమరితనం వల్ల ఇన్ని ప్రాణాలు నిలిచిన చోటు ఇంకోటి నాకు తెలియదు.

ఇప్పుడు కాకకు చెప్పాలి. ఇరవై నాలుగేళ్లవాడు వెళ్లి యాభై ఎనిమిదేళ్ల మనిషితో "నీ వేలు పోయింది" అని ఎలా చెప్పాలి? మా సిలబస్‌లో ఆ పాఠం లేదు. ఆ రోజుతో కలిపి మూడు రోజులు చెప్పలేదు. కాక "ఊ" అనగానే "జర ఆగు కాకా, సాంపిల్ తీయాలె" అని సీసాలు పట్టుకుని ముప్పావు గంట ట్యాంకు చుట్టూ తిరిగాను. మూడు బ్యాచ్‌లూ గడ్డ కట్టాయి. ఆ గొప్పతనం మొత్తం గుమ్మడికాయకు పోయింది. మేనేజర్ స్వయంగా దానికి పసుపు రాశాడు.

నాలుగో రోజు అసలు రోజు. ఇక్కడి పెద్ద రైతు కుటుంబం ఒకటి, ఊరి రాజకీయాలన్నీ వాళ్ల వాకిట్లోనే నడుస్తాయి. వాళ్ల మునిమనవడి పంచెల ఫంక్షన్, మర్నాడు ఫామ్‌హౌస్‌లో. ట్యాంకు పెరుగంతా వాళ్లకే. ఆ ఇంటి పెద్దావిడకు మా పెరుగు మీద నమ్మకం లేదు. తన కళ్ల ముందే తోడు పడాలని పట్టుబట్టి పదకొండు గంటలకు తెల్ల కారులో దిగింది. ఎనభైకి దగ్గరుంటుంది. నెత్తికి మేం ఇచ్చిన ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని, "గిదేం కిరీటం" అంది.

"ఏడీ, ఆ వేలాయన ఏడి?"

కాక చేతులు జోడించాడు. మేనేజర్ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు, హెడ్డాఫీసుకు పంపడానికి. అంటే ఆ రోజు నా సాంపిల్ నాటకం చెల్లదు. అందుకే నేను ముందే ఒక తెలివైన పని చేశాను. చల్లనీళ్ల వాల్వు పొద్దున్నే పూర్తిగా తిప్పి, కాక వేలు పెట్టే సమయానికి పాలను నిజంగానే నలభై మూడుకు దించి ఉంచాను. కాక "ఊ" అంటాడు, తోడు పడుతుంది, ఎవరి పరువూ పోదు. ఆ ప్లాను గురించి నాకు ఇప్పటికీ గర్వంగా ఉంది, మొదటి పది నిమిషాల వరకు.

కాక గ్లాసులో పాలు పట్టాడు. వేలు ముంచి కళ్లు మూసుకున్నాడు. నుదురు ముడిపడింది. మళ్లీ ముంచాడు.

"సల్లగైనయ్. స్టీం ఇడువాలె."

అరవై అలవాటైన వేలికి నలభై మూడు చల్లగాక ఏమవుతుంది? ఈ మాత్రం నాకు తట్టలేదు.

"కాకా, మంచిగనే ఉన్నయ్. చూడు, గేజీ గూడ నలభై మూడు చూపిస్తున్నది" అన్నాను.

"ఆ ముల్లు ఎప్పుడు గంతే సూపిస్తది బిడ్డా. దానికేం ఎరుక?"

అందరం కాక వైపు తిరిగాం. ఆ గేజీ చెడిపోయిందని ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

అవ్వ కుర్చీలోంచి లేచింది. "నన్ను సూడనియ్." చెయ్యి కడుక్కుని ఇంకో గ్లాసులో వేలు ముంచింది. "గోరువెచ్చగ మంచిగున్నయ్ గదయ్యా. ఇంకెంత కాగాలె?"

"పెద్దమ్మా, ఇంట్ల రెండు లీటర్లు తోడువెట్టుడు వేరు, గీడ వేరు."

"ఇల్లో కంపెనీయో పాలకు ఎరుకనా?"

కాక ముఖం ఎర్రబడింది. ఫోన్ వీడియో తీస్తోంది, పెద్దింటి మనిషి తన "ఊ"ను కాదంటోంది. వెళ్లి ఒట్టి చేత్తో ఆవిరి వాల్వు తిప్పాడు. ట్యాంకు గుర్రుమంది. కాసేపటికి మూత సందుల్లోంచి పొగలు లేచాయి. వాల్వు కట్టేసి, గ్లాసులో పట్టి, వేలు ముంచి, కళ్లు మూసుకుని, తృప్తిగా అన్నాడు.

"ఊ. వెయ్."

మేనేజర్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో తోడు ప్యాకెట్ మీద కత్తెర పెట్టాడు.

"ఆగుండ్రి సార్!" అని అరిచాను. నా గొంతు సన్నగా, అసహ్యంగా వచ్చింది. వీరుల గొంతు అలా ఉండదు.

అప్పటికే అవ్వ కాక గ్లాసులో వేలు పెట్టింది. "ఓయవ్వో!" అని వెనక్కి లాక్కుని చెవి తమ్మె పట్టుకుంది. "పాలా నిప్పులా ఇవి?"

మేనేజర్ గేజీ చూశాడు. నలభై మూడు. పొగ చూశాడు. మళ్లీ గేజీ చూశాడు. నేను జేబులోంచి థర్మామీటర్ తీసి గ్లాసులో పెట్టాను. అరవై మూడు. మేనేజర్ కత్తెర దించాడు. పొడి మాత్రం ప్యాకెట్లో హాయిగా నిద్రపోతోంది, ఎంత దగ్గర నుంచి తప్పించుకుందో తెలియక.

అవ్వ కాక చేయి పట్టుకుంది. చిటికెన వేలును అటూ ఇటూ తిప్పి చూసింది. గోరుతో గట్టిగా నొక్కింది.

"తెలుస్తున్నదా?"

"ఏంది పెద్దమ్మా?"

"గిచ్చుతున్న."

కాక కిందికి వంగి తన వేలు వైపు చూశాడు. ఆమె గోరు దిగబడి ఉంది.

"గిచ్చుతున్నవా?" అన్నాడు మెల్లగా.

"పనిల అరిగిపోయింది బిడ్డా. నీ తప్పు కాదు. నా కండ్లు గూడ గట్లనే పోయినయ్. మొన్న పొద్దుగాల లేచి పక్కింటోల్ల ముందట ముగ్గేసొచ్చిన. ఆల్లు మస్తు ఖుషీ అయిండ్రు."

కాక తర్వాత నా వైపు తిరిగాడు.

"నీకు ఎరుకనా?"

"మూడు రోజుల సంది."

"అందుకేనా సాంపిల్ సాంపిల్ అని తిరిగినవ్?"

"అవును కాకా."

"మరి చెప్పకపోతివి?" అన్నాడు. "ఒక సాంపిల్ తీయనీకి ముప్పావు గంటనా, ఈ పోరనికి పని రాదు, పాపం ఉద్యోగం పోతదేమో అని నేను నీ ఫికర్ జేసిన."

ఇది రాస్తున్నప్పుడు ఇక్కడ ఒక జోకు వేద్దామనుకున్నాను. దొరకలేదు.

చల్లనీళ్ల వాల్వు పూర్తిగా తిప్పితే, పాలు మళ్లీ నలభై మూడుకు దిగడానికి అరగంట పట్టింది. ఆ అరగంట అవ్వ మా అందరితో కలిసి చాయ్ తాగింది. వెళ్లబోతూ మేనేజర్‌తో "పొద్దుగాల పెరుగు గీనెనే తేవాలె, ఇంకెవ్వల్లు తెచ్చినా గేటు తియ్యం" అని చెప్పింది. మేనేజర్ ఆ రాత్రికి నివేదిక పంపాలి. కాక పేరు రాద్దామనే కూర్చున్నాడు. సాక్ష్యానికి వీడియో తిరిగి చూస్తే, అందులో పొగలు కక్కే పాల పక్కన కత్తెర పట్టుకుని నిలబడ్డది తానే. పైగా తోడుకు ముందు చాయ్ ఆపించింది ఎవరో అందరికీ తెలుసు. వీడియో తీసేశాడు. నివేదికలో "ఉష్ణోగ్రత గేజీ లోపం" అని రాశాడు. ఎనిమిది నెలలపాటు ఆ గేజీని చూసి సంతకం చేసినవాడికి ఒక మెమో ఇచ్చాడు. అది న్యాయమే. నా ఉద్యోగ జీవితంలో నా పేరు స్పెల్లింగ్ తప్పులేకుండా రాసిన ఏకైక కాయితం అదే.

కాక మరో రెండేళ్లు ఆ ట్యాంకు దగ్గరే పనిచేశాడు. గాజు థర్మామీటర్‌ను స్టీలు గొట్టంలో పెట్టించి, నల్లదారంతో తాయెత్తులా మెడలో వేసుకున్నాడు. అయినా ముందు వేలు ముంచేవాడు, కళ్లు మూసుకునేవాడు. తర్వాత ఒక కన్ను తెరిచి థర్మామీటర్ చూసి, "ఊ" అనేవాడు. తోడుకు ముందు చాయ్ మళ్లీ వచ్చింది. పని పద్ధతుల పుస్తకంలో దాని పేరు "చల్లబరిచే దశ పరిశీలన".

ఫంక్షన్ పెరుగు సంగతి అడుగుతారేమో. రాయిలా గడ్డ కట్టింది. కత్తితో కోయొచ్చు. కాక తానే బకెట్లు దింపి వచ్చాడు. అక్కడ ఐస్‌క్రీమ్ స్టాల్ పెట్టడంతో సగం మిగిలింది. నేను ఉద్యోగం మానేసింది కూడా ఏ ఆత్మాభిమానం వల్లో కాదు, మా ఊరి బస్సు టైము మార్చారు.

ఆ గేజీని విప్పినప్పుడు వెనక ఒక స్టిక్కర్ కనిపించింది: "ఆరు నెలలకోసారి సరిచూడవలెను." సరిచూడడం ఎలాగంటే, గ్లాసు నిండా మంచు ముక్కలు వేసి, కాసిని నీళ్లు పోసి, అయిదు నిమిషాలు ఉంచాలి. సున్నా చూపించాలి. చూపించకపోతే కొత్తది బిగించాలి.